క్రీటు ద్వీపకళలో సముద్రము: స్వభావోక్తి విచారము

మధ్యధరాసముద్రమందలి క్రీటు ద్వీపమున క్రీ.పూ. 1500 ప్రాంతమున వెలసిన మృణ్మయపాత్రలను, కుడ్యచిత్రములను ప్రకృతికి యథాతథానుకరణములని పలువురు విమర్శకులు ప్రశంసించిరి. ఈ ప్రశంసలో సత్యము సగము మాత్రమే కలదు. తక్కిన సగమును విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా పాత్రలను చూతము. ద్వీపముయొక్క తూర్పుకొననున్న పాలైకాస్ట్రోలో దొరకి, నేడు హెరాక్లియన్ పురావస్తుప్రదర్శనశాలలోనున్న కూజా యీ శైలికి ఉత్తమోదాహరణము. లేతవన్నె నేలపై ముదురువన్నెతో ఆక్టోపసు అను అష్టపాద జలచరము చిత్రింపబడినది. కూజా రెండు ప్రక్కలను గుండ్రముగా నుబ్బి అంచులయొద్ద సన్నగిల్లును. చిత్రకారుడు జంతువును నిట్టనిలువుగా నిలుపక ఏటవాలుగా నుంచెను. దాని చేతులు పాత్రయొక్క ఉబ్బు ననుసరించి మెలికలు తిరిగినవి. నడుమనున్న ఎడములను నాచు, శిలలు నింపినవి. ఆకాశము లేదు, తీరము లేదు, నీటిగీత లేదు. పాత్రయే సముద్రమైనది.

దండి స్వభావోక్తిని అలంకారములలో మొదటిదిగా నెన్నెను. స్వభావము అలంకార్యమే కాని అలంకారము కానేరదని కుంతకుడు దానిని నిరాకరించెను. ఈ వివాదము మనకిచట నుపకరించును. ఇచ్చట అలంకార్యము కూజా, అలంకారము జలచరము. అయినను ఆ యలంకారము తన స్వభావమును విడువలేదు. మెలికలు జంతువువి, వాని దారి కూజాది. కావున మా దృష్టిలో ఈ పాత్రవిషయమున దండి పక్షమే నిలుచుచున్నది.

దీనికి వ్యతిరేకదృష్టాంతమును గూడ చూపవచ్చును. అటుతరువాతి కాలమున క్నోసోసు పాత్రలపై అదే జంతువు నిలువుగా, ఇరుప్రక్కల సమానముగా నిలిచినది. ఇంకను తరువాత చేతులు కేవలము అలలవంటి గీతలైనవి. దీనిని క్షయమని తోసివేయుట తొందరపాటు. ఆ గీతలకు తమదైన క్రమము కలదు. కాని స్వభావము తొలగగా అలంకారము మాత్రమే మిగిలినదనుట నిజము.

కుడ్యచిత్రములలోను ఇదియే సూత్రము కన్పట్టును. క్రీటుకు ఉత్తరముననున్న థేరా ద్వీపమున, అగ్నిపర్వతధూళి క్రింద కప్పబడియుండిన అక్రోతిరిలో, స్పిరిడాన్ మారినాటోస్ 1967లో త్రవ్వకములారంభించెను. అచట నొక గదిలో మూడు గోడలను చుట్టి వన్నెవన్నెల శిలలు, వానిపై ఎఱ్ఱని లిల్లీపూలు, నడుమ ఎగురు వానకోవెలలు చిత్రింపబడినవి. మనుష్యరూపమొక్కటియు లేదు. చూచువాడు దృశ్యమునకు ఎదుట గాక లోపల నిలుచును. కూజాను సముద్రము చుట్టినట్లే గదిని ద్వీపభూమి చుట్టినది.

అయితే రెండు విషయములందు జాగరూకత వలయును. సముద్రశైలి పాత్రలు ఆ కాలపు మృత్పాత్రలలో స్వల్పభాగము. వానినిబట్టి ఆ జనులెల్లరు సముద్రప్రియులని నిర్ణయింపరాదు. మఱియు 1900లో ఆర్థర్ ఇవాన్స్ ఆరంభించిన క్నోసోసు త్రవ్వకములలో దొరకిన చిత్రములు పెక్కు తునుకలుగానే లభించినవి. కుంకుమపూలు కోయు నీలిబాలుడని అతికి పూరింపబడిన చిత్రము కోతిదని అనంతరపరిశీలనలో తేలినది. పూరణమును మూలముగా భ్రమించినచో విమర్శకుడు ప్రాచీనుని గాక ఆధునికుని ప్రశంసించినవాడగును.

కావున ఈ కళను తూచుటకు అనుకరణమొక్కటే తులామానము కాదు. పాత్రకు, గోడకు, జీవస్వభావమునకు కుదిరిన ఔచిత్యమే దాని ప్రాణమని మా యభిప్రాయము.