ఇంటి మొక్కకు కొలబద్ద ఏది?
'గాలిని శుద్ధి చేసే మొక్కల' జాబితాపై ఒక విమర్శ

ఇంట్లో పెంచదగిన మొక్కల గురించి పత్రికల్లోనూ, నర్సరీ బోర్డుల మీదా కనిపించే సలహాలు చాలావరకు ఒకే జాబితాను తిరగరాస్తుంటాయి. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, అరెకా పామ్, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్. ఇవి గదిలోని విషవాయువులను పీల్చేస్తాయనీ, కొన్నయితే రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయనీ, ఇదంతా నాసా రుజువు చేసిందనీ ఆ జాబితా చెబుతుంది. ఢిల్లీకి చెందిన కమల్ మీటిల్ 2009లో ఇచ్చిన టెడ్ ప్రసంగం తర్వాత మన దేశంలో దీనికి ప్రచారం మరింత పెరిగింది.

విచిత్రమేమంటే, ఊరు మారినా ఈ జాబితా మారదు. అనంతపురానికీ అదే, అండమాన్‌లోని గోల్ ఘర్‌కూ అదే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ పట్టణంలో గోల్ ఘర్ ఒక పేట. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఈ పట్టణంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మే నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమ తగ్గదు. అనంతపురంలో ఏడాదికి పడే వాన అందులో అయిదోవంతు మాత్రమే. ఈ రెండు చోట్లకూ ఒకే మొక్కలు ఎలా సరిపోతాయి? ఈ ప్రశ్న వేసుకుంటే జాబితాలోని అసలు లోపం బయటపడుతుంది.

నాసా నిజంగా ఏం చేసింది?

1970లలో ఇంధన సంక్షోభం వచ్చాక అమెరికాలో గాలి చొరబడని భవనాలు కట్టడం మొదలైంది. ఫర్నిచరు, రంగులు, జిగురుల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్, బెంజీన్ వంటివి వాటిలోనే నిలిచిపోయేవి. అంతరిక్ష నివాసాలకూ ఇదే సమస్య. నాసాకు చెందిన స్టెన్నిస్ కేంద్రంలో వుల్వర్టన్, ఆయన సహచరులు దీనిపై ప్రయోగాలు చేసి 1989లో నివేదిక ఇచ్చారు. లాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ల సంఘం ఒకటి ఈ పనికి తోడ్పడింది.

ప్రయోగ విధానం చూడండి. ఒక ఘనమీటరుకు మించని పారదర్శక ప్లాస్టిక్ పెట్టె. అందులో ఒక మొక్క. పెట్టెను బిగించి, వాయువును ఒక్కసారి ఎక్కించి, 24 గంటల్లో ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గిన మాట నిజమే. అయితే ఆకులకన్నా వేళ్ల చుట్టూ ఉన్న మట్టికీ, అందులోని సూక్ష్మజీవులకూ ఇందులో పెద్ద పాత్ర ఉందని ఆ నివేదికే గుర్తించింది. అందుకే కుండీ అడుగున బొగ్గు పొరనూ, గాలిని వేళ్లలోంచి లాగే ఫ్యానునూ అమర్చిన పరికరాన్ని కూడా ప్రతిపాదించింది. బొగ్గునూ ఫ్యానునూ వదిలేసి మొక్కల పేర్లు మాత్రం ఏరుకున్నది ఆ తర్వాతి ప్రచారమే. నివేదిక లోపం వేరే ఉంది. పెట్టెలో కాలుష్యం ఒక్కసారే చేరుతుంది. ఇంట్లో అది నిరంతరం వెలువడుతూనే ఉంటుంది. పెట్టెలో గాలి బయటి గాలితో మారదు; ఇంట్లో తలుపు సందుల్లోంచి కూడా మారుతూనే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమ్మింగ్స్, వారింగ్ అనే పరిశోధకులు ఇలాంటి 12 అధ్యయనాల్లోని 196 ప్రయోగాల ఫలితాలను ఒకే కొలతకు తెచ్చి 2019లో ప్రకటించారు. ఆ ఫలితాల మధ్యస్థ విలువ (మీడియన్) ప్రకారం ఒక కుండీ మొక్క గంటకు శుద్ధి చేసే గాలి 0.023 ఘనమీటర్లు, అంటే 23 లీటర్లు.

10 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని తీసుకోండి. అందులో పట్టే గాలి 1,200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనమీటర్లు. గంటకు ఒక్కసారి గదిలో గాలి మారితే జరిగేంత శుద్ధి మొక్కలతో జరగాలంటే 34ను 0.023తో భాగించాలి. వచ్చే జవాబు దాదాపు 1,480 మొక్కలు! మంచం మాట అటుంచి మనిషి నిలబడడానికీ చోటుండదు. ఆ పరిశోధకులు కూడా చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. కిటికీ తెరిస్తే, ఏ ఖర్చూ లేకుండా గాలి గంటకు ఎన్నోసార్లు మారుతుంది.

రాత్రి ఆక్సిజన్ సంగతి

స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందనే మాట పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థికి ఒప్పుకోదగింది కాదు. ఒకప్పుడు వింటినారికి నార తీసిన మన చాగ మొక్కకు ఇది దగ్గరి బంధువు. కలబంద, అనాసల మాదిరిగానే ఇదీ నీటిని పొదుపు చేసుకునే జాతి. పగటి ఎండలో పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడును తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. ఇంతవరకే నిజం. ఆక్సిజన్ రావాలంటే నీటి అణువు విడిపోవాలి, అందుకు వెలుతురు కావాలి. చీకట్లో ఆ పని జరగదు. రాత్రి కార్బన్ డయాక్సైడును పుచ్చుకోవడాన్ని ఆక్సిజన్ ఇవ్వడంగా ఎవరో పొరబడితే, మిగతావారు దాన్నే వల్లిస్తున్నారు.

అసలు ఆ భయమే అనవసరం. మనం చెప్పుకున్న గదిలో ఆక్సిజన్ సుమారు 7,000 లీటర్లుంటుంది. నిద్రపోయే మనిషికి గంటకు 15 లీటర్ల చొప్పున 8 గంటలకు 120 లీటర్లు చాలు. మూసిన గదిలో ఉక్కగా అనిపిస్తే అందుకు కారణాలు వేడి, తేమ, పేరుకునే కార్బన్ డయాక్సైడు. వాటికి మందు కిటికీయే.

గోల్ ఘర్‌లో చూడవలసినవి

గాలి శుద్ధి అనే కొలబద్దను పక్కనపెడితే ఏ మొక్క మంచిది? ముందు వెలుతురు చూడాలి. మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్సులున్నా, కిటికీకి రెండు మూడు మీటర్ల లోపల కొన్ని వందలే మిగులుతాయి. మధ్యాహ్నం తెల్లకాగితం మీద చేయి అడ్డుపెట్టండి. నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే చాలా మొక్కలు బతుకుతాయి. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా ఎక్కువకాలం నిలవదు.

తర్వాత తేమ. చలిదేశాల్లో హీటర్లతో గాలి పొడిబారుతుంది కనుక, తేమనిచ్చే ఫెర్నులు పెట్టుకోమని అక్కడి సలహా. వానాకాలంలో గోడలకు బూజు పట్టే అండమాన్ ఇంట్లో అదనపు తేమ ఎందుకు? ఆ నెలల్లో కుండీ మట్టి ఆరదు. స్నేక్ ప్లాంట్ నీరు లేక చావదు, వేళ్లు కుళ్లి చస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పరిస్థితి తలకిందులవుతుంది. ధనిఖారి జలాశయం మీద ఆధారపడిన ఈ పట్టణానికి వేసవిలో నీటికొరత కొత్త కాదు. రోజూ బిందెడు నీళ్లడిగే కుండీల వరస ఆ రోజుల్లో భారమే.

మూడోది ఆరోగ్యం. సీసాలో మనీ ప్లాంట్ పెట్టి నీళ్లు మార్చకపోయినా, కుండీ కింది పళ్లెంలో నీరు నిలిచినా డెంగీ దోమకు ఇల్లు దొరికినట్టే. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు గనుక వారానికోసారి పారబోసి, పాత్రను తోమాలి. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, డంబ్ కేన్ మూడూ చేమ కుటుంబానివే. కంద దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే వీటి ఆకుల్లోనూ ఉన్నాయి. పాకే పిల్లలున్న ఇంట్లో వీటిని అందే ఎత్తున పెట్టకూడదు.

నాలుగోది దీవికి సంబంధించినది. ప్రపంచంలో మరెక్కడా లేని మొక్కలు ఈ దీవుల్లో వందల్లో ఉన్నాయి. మనీ ప్లాంట్ పసిఫిక్ దీవి నుంచి వచ్చి, శ్రీలంకలోనూ హవాయిలోనూ తోట దాటి చెట్లను కమ్ముకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చేరిందని చెప్పే ఆఫ్రికా పెద్ద నత్త అండమాన్ తోటలను ఇంకా తింటూనే ఉంది. కనుక మెయిన్‌లాండ్ నుంచి మట్టితో సహా కుండీలు తేవడం, కత్తిరించిన తీగలను అడవి అంచున పారేయడం మానాలి. ఇక్కడి చెట్ల నీడలో సహజంగా పెరిగే బర్డ్స్ నెస్ట్ ఫెర్న్‌ను వెలుతురూ గాలీ తగిలే వరండాలో పెంచుకోవచ్చు. నర్సరీలో పెంచినదే కొనాలి గాని అడవిలోంచి పెకలించుకు రాకూడదు.

ఇదంతా మొక్కలు వద్దని చెప్పడానికి కాదు. పచ్చదనం కంటికి చలువ. మొలక నుంచి పూత దాకా ఇంట్లోనే చూడడం పిల్లలకు మంచి వృక్షశాస్త్ర పాఠం. అయితే మూలన కుండీ ఉంది కదా అని దోమల చుట్ట పొగ నిండిన గదిలో ఉబ్బసం ఉన్న పిల్లవాణ్ని కిటికీ మూసి పడుకోబెడితే, ఆ జాబితా హాని చేసినట్టే. 'నాసా చెప్పింది' అని ఎవరైనా అంటే విద్యార్థులు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఎంత పెట్టెలో? ఎంతసేపు? మా గదికి లెక్క ఎంత?