దైవవాయువు, రాతిగోడ

మంగోలుల నుండి జపానును కాపాడినది ‘దైవవాయువు’ కాదు, యోధులేనని థామస్ కాన్లన్ 2001 నాటి గ్రంథంలో వాదించారు. తకెజాకి సుయెనగ యుద్ధచిత్రపటాలపై ఆయన పరిశీలన అమూల్యం. తుపానును తక్కువ చేయడం మాత్రం సమంజసం కాదు. తకషిమా ద్వీపం వద్ద సముద్రగర్భంలో బయల్పడిన ఓడల శకలాలే అందుకు సాక్ష్యం.

అయితే గాలి ఒంటరిగా గెలవలేదు. 1276లో హకాటా తీరాన కట్టిన రాతిగోడ 1281లో శత్రునౌకలను దిగనీయక, తుపానుల రోజుల వరకు నీటిపైనే నిలిపింది. నిలిచిన ఓడకు గాలి ఎంతటి గండమో ఖిదిర్‌పూర్ పక్కన పారే హుగ్లీ 1864 అక్టోబరు 5న చూపింది. నెల తిరగకముందే బందరును ఉప్పెన ముంచింది.

విజయం తమ ప్రార్థనల ఫలమని ఆలయాలు బహుమానాలు కోరాయి. 1281లో ఇవాషిమిజులో ప్రార్థించిన భిక్షువు ఐసోన్ కోరినది వేరు: మనుషులకు హాని చేయక వారిని స్వదేశానికి మరలించే గాలి. వీచిన గాలి వేలమందిని ముంచింది.