సగటుకు అందని బీడు

గారెట్ హార్డిన్ 1968లో 'సైన్స్' పత్రికలో రాసిన 'ఉమ్మడి వనరుల విషాదం' వ్యాసం చాలామందికి తెలిసిందే. ఉమ్మడి బీడులో ప్రతి కాపరీ తన లాభం కోసం ఒక్కో పశువును పెంచుకుంటూ పోతే చివరికి బీడే నాశనమవుతుందన్నది దాని సారాంశం.

తర్కం బాగానే ఉంది. చిక్కంతా బీడుతోనే. హార్డిన్ ఊహించిన బీడు సింగపూరులో మా బ్లాకు కింది పచ్చిక లాంటిది: ఏడాది పొడుగునా వాన, ఒకటే పచ్చదనం. అక్కడైతే ఇన్ని పశువులని లెక్క కట్టవచ్చు. మరి అనంతపురంలో? సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు ఉన్నదున్నట్టు పడే ఏడు అరుదు. ఉత్తర కెన్యాలోని తుర్కానా గురించి ఎలిస్, స్విఫ్ట్ 1988లో చెప్పిందీ ఇదే: అక్కడ బీడు స్థితిని నిర్ణయించేది మందల సంఖ్య కన్నా వానా కరువులే.

మన గొల్ల, కురుమ కాపరులు సగటును నమ్ముకోలేదు. వాన పడిన వైపు మందను తోలుకుపోయారు. కోతలైన పొలాల్లో మంద నిలిపి, ఎరువిచ్చి మేత తీసుకున్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో గొర్రెలు పంచినప్పుడు మాత్రం యూనిట్ అంతటా ఒకటే: 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మేత మాత్రం ఊరూరికీ, ఏడేడుకీ వేరు.

హార్డిన్ 1994లో తన మాట సవరించుకుని, అజమాయిషీ లేని ఉమ్మడికే అది వర్తిస్తుందన్నాడు. సంతోషం. కానీ అజమాయిషీ కుదిరినంత మాత్రాన వాన కుదరదు. మంద కదలాలి, కదలడానికి దారి ఉండాలి.

మనలో చాలామందిమి ఊళ్ళో నాలుగెకరాలు కొని కంచె వేసి వచ్చినవాళ్ళమే. నేనూ వేశాను. అంతకు ముందు అక్కడ మంద దిగేదా అని మాత్రం ఎవరినీ అడగలేదు.