టైరు డైనమో, హబ్ డైనమో

సైకిల్ దీపానికి తొక్కుడుతోనే కరెంటు ఇచ్చే సాధనాలు ముఖ్యంగా రెండు. ఒకటి మన ఊళ్లలో పాతతరం ఎరిగిన టైరు డైనమో. మీట నొక్కగానే టైరు మీదికి వాలి, గుర్రుమంటూ తిరుగుతుంది. రెండోది ముందు చక్రం హబ్బులోనే ఇమిడి ఉండే డైనమో. ఇంగ్లండులోని స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1936లోనే డైనోహబ్ పేరుతో దాన్ని తెచ్చింది. జర్మనీలో 2013 వరకు మామూలు సైకిలుకు డైనమో దీపం తప్పనిసరి కావడంతో అక్కడ అది బాగా రాటుదేలింది. మన దగ్గర అరుదు.

రెండింటిలోనూ తీగచుట్ట దగ్గర అయస్కాంతం తిరగడమే కిటుకు. చక్రం ఒక్కసారి తిరిగితే టైరును ఒరుసుకునే రోలరు సుమారు 30 సార్లు తిరుగుతుంది కాబట్టి చిన్న అయస్కాంతమే సరిపోతుంది. హబ్బు తిరిగేది ఒక్కసారే. ఆ నిదానంలో కరెంటు పుట్టాలంటే లోపల ధ్రువాలు ఎక్కువ కావాలి. బరువు, ధర అందుకే పెరుగుతాయి.

ఒరిపిడి లేకపోవడం హబ్బుకున్న పెద్ద బలం. వానలో తడిసిన టైరు మీద రోలరు జారి, వెలుగు బాగా కావలసిన వేళకే దీపం మిణుకుమంటుంది. హబ్బుకు ఆ బెడద లేదు, చప్పుడూ లేదు, కాలికి బరువూ తక్కువ.

అయితే టైరు డైనమో మీద పడ్డ నిందల్లో సగం బిగింపు లోపాలవే. డైనమో నడిమి గీతను ఊహలో పొడిగిస్తే అది నేరుగా చక్రం ఇరుసుకు తగలాలి. కొంచెం వంకరైనా రోలరు రబ్బరును అడ్డంగా గీకుతుంది. టైరును తినేస్తుందన్న చెడ్డపేరు అలా వచ్చిందే. పట్టీకి ఉండే మొనదేలిన స్క్రూ ఫోర్కు రంగును చీల్చుకుని ఇనుముకు తగలాలి. కరెంటుకు తిరుగుదారి సైకిల్ చట్రమే కదా! అక్కడ తుప్పు పడితే దీపం కొట్టుకుంటుంది. చాలామంది బల్బు మారుస్తారు, ఆ స్క్రూ జోలికి పోరు.

వేగం పెరిగేకొద్దీ తీగచుట్టే కరెంటుకు అడ్డుపడి, దాన్ని అర ఆంపియరు దగ్గర నిలబెట్టడం రెండింటిలోనూ ముచ్చటైన గుణం. కానీ వెనక బల్బు పోతే దాని వాటా కూడా ముందు బల్బు మీద పడి, అదీ మాడిపోయేది. ఎల్‌ఈడీ వచ్చాక ఈ బాధ తీరింది. అదే 6 వోల్టులు, 3 వాట్లతో ఇప్పుడు ఎన్నోరెట్ల వెలుగు వస్తోంది. లోపల కెపాసిటర్ ఉన్న దీపమైతే సైకిల్ ఆగినా కొన్ని నిమిషాలు వెలుగుతుంది.

యంత్రంగా హబ్ డైనమోదే పైచేయి. కొత్త సైకిల్ కొని రోజూ చీకట్లో తిరిగేవారు అదే తీసుకోవాలి. కానీ పాత సైకిలుకు దాన్ని పెట్టాలంటే పుల్లలన్నీ విప్పి చక్రాన్ని మళ్లీ కట్టించాలి. టైరు డైనమోకు ఒక పట్టీ, ఒక తీగ చాలు. తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవారి సైకిళ్లకు ఎల్‌ఈడీ దీపంతో జతచేసిన టైరు డైనమోనే నా ఓటు. సైకిల్ కంపెనీలు ఆ రెండింటినీ కలిపి, ఊళ్లలోని షాపుల్లోనూ దొరికేలా అమ్మాలి.