కల్లములో పెత్తనము

వృద్ధులను చూడవచ్చిన చుట్టము, మంచముపట్టెపై కూర్చుండీ కూర్చుండకముందే "నేనెవరో చెప్పు, చూద్దాం" అని అడుగుట మన పల్లెలలో ఆప్యాయత క్రిందనే చెల్లుచున్నది. కాని మతిమఱపు వ్యాధి ముదిరినవారికి అది పూటకొకమాఱు తప్పక తప్పెడి పరీక్ష. అరువది దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి యున్నదనియు, పట్టణములకంటె పల్లెలలో, పురుషులకంటె స్త్రీలలో అది హెచ్చనియు 2023లో వెలువడిన దేశవ్యాప్త అంచనా చెప్పుచున్నది.

టామ్ కిట్‌వుడ్ అను ఆంగ్ల మనస్తత్త్వవేత్త, 1997లో ప్రకటించిన గ్రంథమున, ఈ రోగమున మనిషి క్షీణించుటకు మెదడులోని వికార మొక్కటియే హేతువు కాదనియు, చుట్టునున్నవారు తొందరపెట్టుట, పసిబిడ్డను జేసి మాటలాడుట, ఎదుట నుండగనే లేనట్లు వర్తించుట యనునవియు దానికి తోడ్పడుననియు వాదించెను. ఆ చివరిది మన యిండ్లలో నిత్యకృత్యమే.

నకరికల్లులో మా పెద్దమ్మ యొకతె కోడలి పేరు మఱచినది, కొడుకును తమ్ముడనుకొనును, మధ్యాహ్నము తిన్న అన్నము సాయంకాలమునకు జ్ఞప్తి యుండదు. అట్టి యామెయే, మాఘమాసమున కల్లములో ఎండు మిరపరాశి ముందు కూర్చుండెనా, కాయను రెండు వ్రేళ్ల నడుమ ఒక్కమాఱు దొర్లించి, రంగు చెడి తెల్లవాఱిన తాలును ఎడమకు విసరివైచుచు, ప్రక్కనున్న కూలిపిల్ల మెత్తని కాయను మంచివానిలో కలిపినంతనే, "ఇది ఆరలేదే, బూజు పడుద్ది, తియ్" అని గద్దించును. చేతికి పట్టుపడిన పనుల జ్ఞాపకము పేర్లను దాచు జ్ఞాపకముకంటె చాలకాలము నిలుచునని వైద్యులు చెప్పుదురు. నాకు మాత్రము ఆ కాయలకంటె ఆ గద్దింపే ముఖ్యము. చాకిరి తప్పించుటయే ప్రేమ యని తలచి చేతిలోని పని లాగికొన్నవారు, పనితోబాటు ఆ పెత్తనమును గూడ లాగికొందురు.

వైద్యశాలలో ఆమెను నేటి తేదీ యడిగిరి. మృగశిర, ఆరుద్ర కార్తెలతో కాలమును కొలిచిన మనిషికి తేదీ యెన్నడు తెలిసినది గనుక! బుద్ధికి బలము బడినుండియే రానక్కఱలేదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ అల్లాడి సువర్ణ, సహచరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఒకటికి మించి భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి ఏకభాషులకంటె 4.5 సంవత్సరములు ఆలస్యముగా పొడసూపినదని తేలెను; అక్షరము రానివారిలోను ఆ అంతరము కానవచ్చినది. బడి చూడని బుద్ధిని బడి ప్రశ్నలతో తూచుట యెంతవఱకు న్యాయమో ఆలోచింపదగును.

పెద్దమ్మ యేరినవానిలో తాలు కొంత మిగులును. గుంటూరు మిరప యార్డులో తాలు కలసిన టిక్కీకి, అనగా బస్తాకు, ధర కోసెదరు గావున, ఆమె యింటిలోనికి పోయిన తరువాత కోడలు ఆ తట్టను మఱల ఏరించును. ఇది మోసము గాదా యని యొకరు నన్నడిగిరి. మోసమే కావచ్చును, ఎదుటనే యేరి ఆమెను చిన్నబుచ్చెడి సత్యసంధతకంటె నాకిది సమ్మతము. ప్రొద్దు గ్రుంకు వేళ కోడలు వచ్చి, "అత్తా, పట్ట కప్పమంటావా?" అని అడుగును. ఆమె ఒకమాఱు ఆకాశము వంక చూచి, "కప్పకపోతే ఎట్టా, మంచు పడుద్ది" అనును. మంచు పడుమాట నిజమే.