ముద్దులొలికే పిల్లే కావాలా?

2022లో వచ్చిన కన్నడ చిత్రం ‘777 చార్లీ’ చూసి నేనూ కొంగు తడుపుకున్నాను. అయితే నాకు నచ్చింది ఆ ఏడుపు కాదు, మొదటి సగం. కుక్కపిల్లల వ్యాపారి దగ్గర్నించి పారిపోయి, ఒంటరివాడైన ధర్మ పంచన చేరిన చార్లీ చిన్న పిల్లేం కాదు. ఎదిగిన కుక్క. కొత్త కోడలికి మల్లే దానికీ ఓ పుట్టిల్లుంది. కాకపోతే అది నరకం. అలాంటిదానితో సర్దుకోవడం ఎంత కష్టమో దర్శకుడు కిరణ్‌రాజ్ తొందరపడకుండా చూపించాడు. తర్వాత జబ్బూ, మంచుకొండలూ కాస్త మోతాదు మించాయి.

చివర్లో చార్లీ పోయాక, దాని కూనని ధర్మ చేతిలో పెట్టడం మాత్రం నాకు మింగుడు పడలేదు. మనం ఊరట పడాలని కాబోలు! షెల్టర్‌కి వెళ్ళినవాళ్ళు పిల్లల్నే ఎత్తుకుంటారు. వయసు మళ్ళినవి గేటు వైపు చూస్తూ ఉండిపోతాయి. ధర్మ అలాంటి ముసలిదాన్నొకదాన్ని వెంటబెట్టుకుని ఇంటికి నడిచి ఉంటే, నేను రెండోసారీ టిక్కెట్టు కొనేదాన్ని.