కొత్త కథకు ఏ బాణీ?

మొన్నటి శివరాత్రి తిరునాళ్లలో ధరణికోటలో ఒక బుర్రకథ దళం కథ ముగించి, మెట్లు దిగే ముందు ఒక ప్రకటన చేసింది. వచ్చే ఏటికి కొత్త కథ కడుతున్నామనీ, పల్నాటి వీరుల కథే గాని కీబోర్డూ రిథమ్ ప్యాడూ పెట్టి కొత్త హంగులతో చెబుతామనీ కథకుడు మైకులో అన్నాడు. అంతే, తెల్లవారేదాకా ఊళ్లో ఇంకో కథ నడిచింది.

ఆ దళం నిన్నమొన్నటిది కాదు. నలభై ఏళ్లుగా దాన్ని ఊరూరా వెంబడించి విన్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. ఏ కథలో ఏ ఘట్టం దగ్గర కథకుడు అడుగు మారుస్తాడో వాళ్లకు తెలుసు. అంచేత ఆ ప్రకటన వాళ్లకు తమ ఇంటి వ్యవహారమే అయింది. టీకొట్టు ముందు బెంచీమీద ఒక రిటైరైన మాస్టారు, “డక్కీ లేని బుర్రకథ ఏం కథ నాయనా! నాజర్ బతికుంటే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు” అన్నారు. డిగ్రీ చదివే కుర్రాడొకడు, “నాజర్ గారే ఉంటే అందరికంటే ముందు కీబోర్డు ఆయనే పెట్టేవారు మాస్టారూ” అని అందుకున్నాడు. పక్కనే బీడీ వెలిగించుకుంటున్న ఒక కౌలురైతు, “వాయించేది ఏదైతే ఏంలే మాస్టారూ, మాట ఇనపడాలి గదా” అన్నాడు. ఆ మూడో మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి నేనూ పట్టించుకోలేదు.

వాదం పెట్టుకున్న రెండు పక్షాలూ నాజర్ పేరే చెప్పుకోవడం గమనించదగ్గ సంగతి. కనుక ముందు ఆయన ఏం చేశాడో చూడాలి. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. చిన్ననాడు నాటకాల్లో స్త్రీ పాత్రలు వేశాడు. శాస్త్రీయ సంగీతం నేర్చాడు. పొట్టకూటికి నానా పనులూ చేశాడు. ఆ కష్టమంతా ‘పింజారి’ అనే ఆయన జీవితకథలో ఉంది. ప్రజానాట్యమండలి ఏర్పడ్డ రోజుల్లో ఆయన చేతికి వచ్చిన బుర్రకథ, అంతకుముందు జంగాలు చెప్పిన తందాన కథ. దానికి తంబుర ఉంది, డక్కీ ఉంది, వంత ఉంది. లేనిది రంగస్థలం. నాజర్ దానిలోకి నాటకంలోని అభినయాన్ని తెచ్చాడు. తాను నేర్చిన రాగాలను తెచ్చాడు. నిలబడి చెప్పే కథను ఆడి చెప్పే కథగా మార్చాడు. అన్నిటికన్నా ముఖ్యంగా వస్తువును మార్చాడు. 1943లో బెంగాలులో జనం ఆకలితో మాడిపోతుంటే ఆ కరువే ఇక్కడ కథ అయింది. శివుడి మహిమలు పాడిన తంబురమీద ధాన్యం దాచిన వర్తకుడి పేరు పలికింది. సుంకర సత్యనారాయణ అల్లూరి సీతారామరాజు కథను రాసి ఇస్తే అది ఊరూరా మోగింది. మోటూరి ఉదయం వంటి స్త్రీలు తామే దళంగా ఏర్పడి తంబుర భుజాన వేసుకున్నారు. ఆడది వేదికెక్కి కథ చెప్పడమా అని ముక్కున వేలేసుకున్న పెద్దమనుషులు ఆనాడు తక్కువేమీ కాదు.

ఇదంతా తెలిసిన తర్వాత కూడా ‘అసలైన బుర్రకథ’ అంటూ ఒకదాన్ని గాజుబీరువాలో పెట్టి తాళం వేయాలనడం చరిత్రకు ఎదురీదడమే. మన మాస్టారు అసలైనదంటున్న బాణీ, ఆయన తండ్రి చెవికి కొత్త బాణీ.

ఈ తగాదా మన ఒక్కరిదీ కాదు. 1965 జూలైలో అమెరికాలోని న్యూపోర్ట్ జానపదోత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారుతో వేదికెక్కితే ఆయన పాటలను ప్రాణంగా చూసుకున్న శ్రోతల్లోనే కొందరు గోల చేశారు. మరుసటి ఏడు ఇంగ్లండులోని మాంచెస్టర్లో ఒక శ్రోత ఆయన్ని సభలోనే ద్రోహి అని అరిచాడు. ఆ శ్రోతలు మూఢులని మనవాళ్లు కొందరు తేలిగ్గా తీసిపారేస్తారు. నాకలా అనిపించదు. పౌరహక్కుల ఉద్యమంలో గొంతు కలిపిన పాట తమ చేతుల్లోంచి జారిపోతున్నదేమోనన్న భయం వాళ్లది. భయం న్యాయమైనదే. దాన్ని గిటారు తీగకు ముడివేయడం పొరపాటు.

వాద్యాల సంగతికొస్తే ధరణికోటలో కూర్చుని ఎవరూ వాద్యం శాశ్వతమనకూడదు. ఇది ధాన్యకటకం, శాతవాహనుల నగరం. ఇక్కడి మహాస్తూపం పలకల్లో చాలా భాగం చెన్నపట్నం మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిమీద నాట్యగత్తెల పక్కన విల్లులా వంగిన వీణ పట్టుకున్న స్త్రీలు కనిపిస్తారు. ఆ వీణ మన దేశపు కచేరీల్లోంచి ఎప్పుడో అదృశ్యమైంది. ఇవాళ మనం సనాతనమనుకుంటున్న మెట్ల వీణ దాని తర్వాత ఎన్నో వందల ఏళ్లకు వచ్చిన పిల్ల. ఆ విల్లువీణ పోయిన రోజున కృష్ణ ఒడ్డున ఏ మాస్టారు ఎంత బాధపడ్డారో రాయి చెప్పదు.

అయితే కుర్రవాడి పక్షమే గెలిచిందా? లేదు. కీబోర్డు వస్తే తప్పేమిటని అడగడం సులువు. వచ్చి ఏం చేస్తుందని అడగాలి. దీనికి బుర్రకథ ఎలా పనిచేస్తుందో కొంచెం నిలిచి చూడాలి.

బుర్రకథలో ముగ్గురు. నడుమ కథకుడు. భుజాన తంబుర, చేతివేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ డక్కీలు పట్టిన ఇద్దరు వంతలు. వంతల్లో ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథకుడు పన్నెండో శతాబ్దంలో ఉంటాడు. అతని వెనక బ్రహ్మనాయుడి చాపకూడు ఉంటుంది, నాయకురాలి కోడిపందెం ఉంటుంది. హాస్యగాడు ఎప్పుడూ ఊళ్లోనే ఉంటాడు. రాజకీయం చెప్పేవాడు ఇవాళ్టి పత్రిక చదివి వస్తాడు. కథకుడు యుద్ధాన్ని తారస్థాయికి ఎక్కించినప్పుడు రాజకీయం పక్కనుంచి ఒక ప్రశ్న వేస్తాడు. కథ ఠక్కున ఆగుతుంది. డక్కీ ఆగుతుంది. జనం కార్యమపూడి రణరంగంలోంచి తమ ఊరి రచ్చబండమీద పడతారు. రెండు మాటల్లో అన్నది అని మళ్లీ డక్కీమీద దెబ్బ వేయగానే కథ అందుకుంటుంది. ఈ ఆగడమే బుర్రకథకు ప్రాణం. అవధి ఎక్కడో, ఎంతసేపో ముందుగా ఎవరూ రాసిపెట్టరు. జనం నవ్వితే నిమిషం, నవ్వకపోతే అర నిమిషం. వానమబ్బు కమ్మితే తుంచేస్తారు. డక్కీ వాయించేవాడే మాట్లాడేవాడు కావడంలో ఉన్న కీలకం ఇదే. తాళం అతని చేతిలో ఉంది గనక అతను అధికారంతో ఆపగలడు.

ఆ రాత్రి కథ రెండో సగంలో ప్యాడును మచ్చుకు వాడి చూపించారు. లయను ముందే యంత్రంలో అమర్చి, మీట నొక్కి వదిలారు. లయ నిండుగా ఉంది, కుర్రకారు ఈలలు వేశారు. కొంతసేపటికి రాజకీయం చెప్పే వంత తన అలవాటు చొప్పున ముందుకు వచ్చి కౌలు సంగతి ఎత్తాడు. రాజధాని కోసం 2015లో ముప్పైమూడు వేల ఎకరాల పైచిలుకు భూమిని సమీకరించిన ఇరవైతొమ్మిది గ్రామాలు ఇక్కడికి ఎంతో దూరం లేవు. భూమి ఉన్నవాడికి ప్లాటు కాగితం వచ్చింది, దున్నినవాడికి ఏం వచ్చిందన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఎవరు వేసినా జనం చెవులు నిక్కబొడుచుకుంటారు. ఆ రాత్రీ నిక్కబొడుచుకున్నారు. కాని యంత్రానికి ఆ సంగతి తెలియదు. దాని పరుగు అది పరిగెత్తుతూనే ఉంది. వంత గొంతు పెంచాడు. లయ తరుముతుంటే మాటలు మింగాడు. మూడో వాక్యం దగ్గర ఓడిపోయి వెనక్కు తగ్గాడు. కథకుడు యుద్ధం అందుకున్నాడు. మళ్లీ ఈలలు. బీడీ వెలిగించుకున్న ఆ రైతు అన్నది దీన్ని గురించేనని నాకు మర్నాడు తట్టింది.

కనుక ప్రశ్న ప్రాచీనమా ఆధునికమా అన్నది కాదు. తాళం ఎవరి చేతిలో ఉంది? మాటను ఆపే హక్కు ఎవరికుంది? కీబోర్డును మనిషి వాయించి, ఆ మనిషి రాజకీయం వంక చూస్తూ కూర్చుంటే అది ఇంకో డక్కీ అవుతుంది. మీట నొక్కి వదిలేసిన డక్కీ శబ్దం అచ్చంగా డక్కీలాగే వినిపించినా అది డక్కీ కాదు.

నిజానికి కోత కీబోర్డుతో మొదలవలేదు. కార్యమపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవం ఐదు రోజులు జరుగుతుంది. వీరవిద్యావంతులు పాడే ఆ కథకు కొలత గడియారం కాదు, క్రతువు. 1982లో జీన్ రోగేర్ ఆ గానాన్ని ఆధారం చేసుకుని ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. బుర్రకథ ఆ ఐదు రోజుల్ని ఒక రాత్రికి కుదించింది. అది సృజన. 1948లో విజయవాడ రేడియో వచ్చాక రాత్రి కాస్తా నిమిషాలయింది. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం సీతారామరాజు కథ చెప్పింది. ఆ కొద్ది నిమిషాలు రాష్ట్రమంతా చూసింది, నాజర్ పేరు ఇంటింటికీ చేరింది. సినిమా మేలు చేయలేదని అనను. కాని తెరమీది వంత ఏ ఊళ్లో ఆడినా అదే మాట అంటాడు. ఆ ఊరి కరణాన్ని గురించి అనడు. రేడియోకూ సినిమాకూ అలవాటుపడ్డ చెవి ఆగని కథను కోరడం మొదలుపెట్టింది. ప్రభుత్వ శాఖలు కుటుంబ నియంత్రణకూ, ఆరోగ్యానికీ, పొదుపుకూ బుర్రకథలు చెప్పించాయి. అవి చెడ్డ విషయాలని కాదు. అక్కడ రాజకీయం ప్రశ్న వేయడు, కరపత్రం చదువుతాడు.

మన సంగతి? ఇక్కడ మనం కూడా తల వంచుకోవాలి. అభ్యుదయ సభల్లో బుర్రకథకు ఎప్పుడు చోటిస్తున్నాం? వక్త కారు ఇంకా ఊరు చేరనప్పుడు, జనం జారిపోకుండా పట్టి ఉంచడానికి. కారు దీపాలు కనిపించగానే చీటీ పంపి కథను ముగించమంటాం. బాలచంద్రుడు సగం యుద్ధంలో ఉండగా అధ్యక్షులు మాట్లాడతారు. యంత్రం ఆ రాత్రి రాజకీయానికి చేసిందే మనం చీటీతో చేస్తున్నాం. ఆ తర్వాత ప్రజాకళల క్షీణతమీద తీర్మానం పెడతాం. ఆ తీర్మానానికి నేనూ చేయి ఎత్తినవాణ్ణే.

ఇక కొత్త కథ వస్తువును గురించి ఆ రాత్రి ఒక్కడూ మాట్లాడకపోవడం నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. వాద్యంమీద తెల్లవార్లూ, వస్తువుమీద నిమిషం కూడా లేదు. పల్నాటి కథ అంటే అందరికీ తెలిసిన కథేగదా అనుకున్నారేమో. శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపద నుంచి నేటిదాకా బ్రహ్మనాయుడు సంస్కర్త, నాయకురాలు నాగమ్మ కుట్రదారు. చాపకూడులో కులాలన్నిటినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టినందుకు బ్రహ్మనాయుణ్ణి మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, సబబే. మరి మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపిన ఒక స్త్రీని కథకులందరూ విషకన్యగానే ఎందుకు చూశారు? ఈ ప్రశ్న వేయాల్సినవాడు రాజకీయం. మాలవాడైన కన్నమదాసు చేతికి సేనాపతి కత్తి ఇచ్చిన కథలో చచ్చేవాళ్ల వరస ఏమిటి, మిగిలేవాళ్ల వరస ఏమిటి? ఇదీ వేయాల్సిందే. పాత మూసలోనే వీరావేశాన్ని పోసి కింద కీబోర్డు పరిస్తే కొత్త కథ కాదు, పాత కథకు తగరపు తొడుగు. సినిమా బాణీలు కూడా తగిలిస్తారని వదంతి. బాణీ సినిమాదైతే వచ్చే నష్టం నాకు పెద్దగా కనపడదు. జనం నోట్లో ఉన్న బాణీని తీసుకుని కొత్త మాట కూర్చడం మన పాటగాళ్లకు ఎప్పటినుంచో ఉన్న విద్యే. మాట కొత్తదై ఉండాలి, అదొక్కటే షరతు.

ఇదంతా రాసుకుని, అచ్చుకు పంపే ముందు దళం పెద్దను ఒకసారి కలుద్దామని వెళ్లాను. తాళం ఎవరి చేతిలో ఉండాలన్న నా సిద్ధాంతాన్ని ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆ తర్వాత, “తమరన్నది నిజమే అయ్యగారూ. మాకు మాత్రం తెలీదా?” అన్నాడు. హాస్యం చెప్పే వంత రెండేళ్ల కిందట హైదరాబాదులో వాచ్‌మన్ ఉద్యోగానికి వెళ్లిపోయాడట. నెలనెలా జీతం వస్తుంది, కథకైతే ఏడాదికి ఎన్ని రాత్రులు పిలుస్తారు? శివరాత్రికి వేదికమీద ఉన్న రెండో వంత పక్క ఊరినుంచి ఆ ఒక్క రాత్రికి అరువు తెచ్చిన మనిషి. ఎదురుకట్టు తెలియదు. డక్కీ రెండు చేతులా మోగకపోతే కథ ఒంటికాలిమీద నడుస్తుంది. ఆ లోటు పూడ్చడానికి మనవడిచేత ప్యాడు కొనిపించాడు. అప్పుచేసి కొన్నారు.

డక్కీయా ప్యాడా అని టీకొట్టు దగ్గర తెల్లవారేదాకా వాదించినవాళ్లలో, నాతో సహా, ఒక్కరం ఆ రెండో వంత ఏమయ్యాడని అడగలేదు. నలభై ఏళ్లు విన్నవాళ్లం, వేదికమీద మనిషి మారిన సంగతి పోల్చుకోలేకపోయాం.

మనవడు లోపల ప్యాడు తుడుచుకుంటున్నాడు. మీట నొక్కి వదిలేయకుండా వేళ్లతో వాయించగలవా, తాత ఆగినచోట ఆగగలవా అని అడిగాను. “ఆగొచ్చు సార్, ఆయన ఎక్కడ ఆగుతాడో ముందే చెబితే” అన్నాడు. ముసలాయన పెద్దగా నవ్వాడు. “నాకే తెలిస్తేగదరా చెప్పేది” అని చెప్పి, గోడకు తగిలించిన డక్కీ దింపి, కుర్రవాడికి ఎదురుగా చాపమీద కూర్చున్నాడు.